టోపీని తిరగేసి చదవాలి

పాత టోపీ చేతికొస్తే అందరి చూపూ ముందున్న బిళ్ల మీదికే పోతుంది. సింహాలుంటే మిలటరీ, చిన్న వీణలా కనిపించే లైర్ బొమ్మ ఉంటే బ్యాండు, పద్మమో పుస్తకమో ఉంటే యూనివర్సిటీ అని తేల్చేస్తాం. టోపీ మొత్తంలో అన్నిటికన్నా నమ్మరానిది ఆ బిళ్లే. దాని వెనక రెండు కాడలుంటాయి. వాటిలోంచి ఒక చీలపిన్ను దూరి ఉంటుంది. పిన్ను లాగితే బిళ్ల ఊడొస్తుంది, ఆ చోట ఇంకొకటి పెట్టేయొచ్చు. లోపలి తోలు పట్టీని మార్చాలంటే మాత్రం టోపీని సగం విప్పాలి. ఆ శ్రమ ఎవరూ పడరు. అందుకే తెలిసినవాళ్లు ముందు టోపీని తిరగేస్తారు.

విశాఖ చుట్టుపక్కల ఊళ్లలో ఈ విద్య అవసరం కాస్త ఎక్కువే. గత నూరేళ్లలో ఈ దారిన తిరిగిన టోపీలు అన్నీ ఇన్నీ కావు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు మన్యంలోని పోలీసు స్టేషన్ల మీద దాడులు చేశాక మలబార్ స్పెషల్ పోలీసు, ఆ తర్వాత అస్సాం రైఫిల్స్ దిగాయి. ఆ సెప్టెంబరు 24న దామనపల్లి దగ్గర చనిపోయిన బ్రిటిష్ అధికారులు స్కాట్ కవర్డ్, హైటర్ల సమాధులు నర్సీపట్నంలోనే ఉన్నాయి. ఇంత కథ ఉన్న చోట పాత టోపీ కనబడగానే ‘సీతారామరాజు నాటి దొరది’ అనాలనిపించడం సహజం. అమ్మేవాడికైతే మరీ సహజం.

ఇరవై ఏళ్ల తర్వాత రెండో ప్రపంచ యుద్ధం ఇక్కడిదాకా వచ్చింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలిపోయింది, వాల్తేరు ప్రాంగణంలోకి సైన్యం వచ్చింది. కాబట్టి ఇంట్లో పెద్దలు ‘యూనివర్సిటీ మిలటరీ టోపీ’ అన్నారంటే, అది యూనివర్సిటీ భవనాల్లో మకాం పెట్టిన సైనికుడిది కావచ్చు, డ్రిల్లు చేసిన విద్యార్థిది కావచ్చు. విద్యార్థుల సైనిక శిక్షణ అప్పటికే ఉంది. 1920 నాటి టెరిటోరియల్ ఫోర్స్ చట్టం కింద యూనివర్సిటీ ట్రైనింగ్ కోర్ వచ్చింది. 1942లో అది యూనివర్సిటీ ఆఫీసర్స్ ట్రైనింగ్ కోర్ అయింది. 1948 జులైలో దాని స్థానంలో ఎన్.సి.సి. పుట్టింది. చైనా యుద్ధం తర్వాత 1963లో కాలేజీ కుర్రాళ్లకు ఎన్.సి.సి. తప్పనిసరి చేశారు, 1968లో ఆ నిర్బంధం తీసేశారు. ఇప్పుడు ఎనభైకి అటూ ఇటూ ఉన్న పట్టభద్రుల్లో చాలామంది ఇష్టమున్నా లేకున్నా ఆ ఖాకీ తొడిగినవాళ్లే.

ఇక్కడో చిక్కుంది. కేడెట్ దుస్తులు సర్కారువి. శిక్షణ అయ్యాక స్టోరుకు అప్పజెప్పాలి. పైగా కేడెట్ నెత్తిన మనకు కనబడేది బెరే, దాని పక్కన హ్యాకిల్ అనే ఎర్ర ఈకల కుచ్చు. ముందు నల్లటి అంచు, చుట్టూ పట్టీ, పైన గుండ్రటి చట్టం ఉన్న పీక్ క్యాప్ దొరికి, దాన్ని కేడెట్ టోపీ అన్నారంటే కాస్త ఆగి ఆలోచించాలి.

లోపల మొదట చూడాల్సింది నుదుటికి ఆనే పట్టీ. పాతవాటిలో తోలు ఉంటుంది, చెమట పట్టి నల్లబడి, అంచుల్లో చిట్లి ఉంటుంది. చవకరకంలో రెక్సినో ఆయిల్ క్లాతో వేస్తారు. తోలు మీద సైజు అంకె ఉంటుంది. అది 6⅞, 7, 7⅛ లాంటిదైతే ఇంగ్లీషు కొలత. 55, 56, 57 అయితే సెంటీమీటర్లు. మన దేశంలో మెట్రిక్ కొలతల చట్టం 1956లో వచ్చి, అమలు కావడానికి మరికొన్నేళ్లు పట్టింది కాబట్టి, స్వదేశీ టోపీ కాలం అంచనా కట్టడానికి ఈ ఒక్క అంకె చాలా పని చేస్తుంది. తర్వాత ముద్ర. బ్రిటిష్ హయాంలో సైన్యానికి సరఫరా అయిన సామాన్ల మీద బాణం గుర్తు, దానితో ఇంగ్లీషు ‘ఐ’ అక్షరం కొట్టేవారు. ముద్ర లేదంటే సర్కారు స్టోరుది కాదని వెంటనే అనలేం, చెమటకు చెరిగిపోయి ఉండొచ్చు. ముద్ర కనబడితే మాత్రం సందేహం సగం తీరినట్టే.

ఆపైన దారం. అస్తరు మడత లోపలి నుంచి ఒక పోగు పట్టకారుతో లాగి, నిప్పు చూపించాలి. నూలైతే కాగితంలా కాలి బూడిదవుతుంది. ఉన్ని అయితే వెంట్రుకలు కాలిన కంపు కొడుతుంది. పాలియెస్టర్ అయితే కరిగి ముడుచుకుని నల్లటి గట్టి పూసగా మిగులుతుంది. ఆ పూస కనబడిన కుట్టు 1922 నాటిది కానేరదు. దొరల టోపీ కథలు చాలావరకు ఆ పూస దగ్గర ముగుస్తాయి. అయితే కుట్టు కొత్తదైనంత మాత్రాన టోపీ కొత్తది కానక్కర్లేదు, మరమ్మతు చేసి ఉండొచ్చు. రెండు మూడు చోట్ల పోగులు చూడాలి.

అప్పుడు బిళ్ల, గుండీల దగ్గరికి రావాలి. మన సర్కారు బిళ్ల మీద కిరీటం ఉందంటే 1950 జనవరి 26కు ముందుది. రిపబ్లిక్ అయ్యాక కిరీటం పోయి అశోకుడి సింహాలు వచ్చాయి. కిరీటాల్లోనూ తేడా ఉంది. పైకమానులు గుండ్రంగా ఉబ్బి ఉంటే 1901 తర్వాతి రాజులది. మధ్యలో నొక్కు పడ్డట్టుంటే విక్టోరియాదో, 1953 తర్వాతి ఎలిజబెత్‌దో అయ్యుంటుంది. రెండోదైతే అది మన సర్కారు టోపీ మీద ఉండే వీలే లేదు, విదేశం నుంచి వచ్చిందన్నమాట. బిళ్ల వెనక్కి తిప్పితే అచ్చు గుద్దినదా, పోత పోసినదా తెలుస్తుంది. అచ్చు గుద్దినదానికి వెనక పల్లాలు స్పష్టంగా ఉంటాయి. పోత పోసినది బరువుగా, ఇసుక గరుకుతో ఉంటుంది. పోత కదా అని నకిలీ అనుకోవద్దు, యుద్ధకాలంలో మన దేశంలో చేసిన అసలు బిళ్లలే చాలా పోతవి. యూనివర్సిటీ విషయానికొస్తే, ఆంధ్ర విశ్వవిద్యాలయం చిహ్నం కౌతా రామమోహనశాస్త్రి గీసినది. ఉదయసూర్యుడు, పద్మం, స్వస్తికం, రెండు పాములు అందులో ఉంటాయి. ఆ పాములు లేకుండా ఒట్టి పద్మం ఉంటే తొందరపడొద్దు. ఎన్.సి.సి. చిహ్నం చుట్టూ ఉన్నదీ పద్మాల దండే.

యలమంచిలిలో ఈమధ్య నాకు చూపించిన టోపీ మెరూన్ రంగుది. పట్టీ చుట్టూ జరీ, ముందు రేకు లైర్. “మా మావగారిదండి, వైజాగు యూనివర్సిటీలో చదివీటప్పుడు మిలట్రీలో ఇచ్చిన టోపీ అని చెప్పీవారు” అంది ఆ ఇంటి పెద్దావిడ. సాటిన్ గుడ్డ ఒక మూల పిగిలి ఉంది. ఆ సందులోంచి కనిపించింది ఖాకీ కాదు, ముదురు నీలం సెర్జి గుడ్డ. అంటే వేరే టోపీ మీద మెరూన్ సాటిన్ తొడిగి కుట్టారు. లైర్ పిన్ను తీసి చూస్తే, దాని వెనక సాటిన్‌లో బెజ్జాలు రెండే. లోపలి సెర్జిలో మాత్రం నాలుగు. పాత జంట నిలువుగా ఉంది, లైర్ జంట అడ్డంగా. గడ్డం పట్టీని పట్టుకునే గుండీలు రెండు వైపులా ఉండాలి. కుడివైపుది మామూలు చొక్కా గుండీ. ఎడమవైపు ఇత్తడిది. మసి తుడిస్తే ఎం, ఎస్, ఎం, ఆర్ అక్షరాలు తేలాయి.

మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే. హౌరా వైపు నుంచి వచ్చే బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే వాల్తేరులో ఆగేది, అక్కడి నుంచి దక్షిణంగా బెజవాడ దాకా లైను వీళ్లది. యలమంచిలి స్టేషను ఆ లైను మీదే ఉంది. 1951లో అది సదరన్ రైల్వేలో కలిసింది, 1966లో సౌత్ సెంట్రల్ వచ్చింది. తోలు మీద సైజు 7, బాణం ముద్ర లేదు. గుండీ ఒక్కటే సాక్ష్యమైతే నేనూ ఒప్పుకోను, గుండీలు ఊరంతా తిరుగుతాయి. నీలం సెర్జి, ఇంగ్లీషు సైజు, నిలువు బెజ్జాలు, ఆ అక్షరాలు నాలుగూ ఒకే వైపు చూపిస్తున్నాయి కాబట్టి, ఇది గార్డుదో స్టేషను మాస్టరుదో అయిన రైల్వే టోపీ, తర్వాత బ్యాండు మేళంలో చేరింది అని నా నిర్ణయం. మావగారి చదువు నిజమే కావచ్చు. టోపీ మాత్రం యూనివర్సిటీ గుమ్మం తొక్కినట్టు లేదు.

ఆవిడ మొహం చిన్నబోయింది. చిన్నబోవాల్సిన పని లేదని నేనంటాను. మిలటరీ టోపీలు మ్యూజియాల్లో బోలెడు. ఒక రైల్వే టోపీని విప్పి, అట్ట సరిచేసి, మెరూన్ తొడిగి, జరీ అంచు కుట్టిన ఆ ఊరి దర్జీ పనికి ఇంకో నమూనా ఎక్కడుంది?

బ్యాండు టోపీ పనితనం తక్కువేం కాదు. పైచట్టం బిగువుగా నిలవడానికి లోపల ఇనుప తీగ చుట్ట పెడతారు. పట్టీకి అట్ట. అంచుకు తోలు లేకపోతే అట్ట మీద రెక్సిన్ అంటించి, చుట్టూ పైపింగ్ కుడతారు. అసలు కష్టం పైగుడ్డ దగ్గరే. గుండ్రటి ముక్కకూ పక్క ముక్కలకూ కొలత ఏమాత్రం తప్పినా ముడతలు పడతాయి. ముడత కనబడకుండా దానిమీదుగా జరీ పోనిచ్చిన టోపీలూ ఉన్నాయి, తీరిగ్గా చూస్తే దొరికిపోతాయి. ఈ రూపమంతా పటాలాల నుంచి దిగినదే. మీరట్‌లో బ్యాండు వాద్యాలకు పేరు మోసిన నాదిర్ అలీ కంపెనీని 1885లో మొదలుపెట్టింది బ్రిటిష్ సైన్యంలో బ్యాండు వాయించినాయనే. క్లారినెట్, ట్రంపెట్, యుఫోనియం, సైడ్ డ్రమ్ము, వాటితోపాటే భుజాల మీద కుచ్చులు, నెత్తిన టోపీ పెళ్లి ఊరేగింపుల్లోకి వచ్చేశాయి.

ఈ టోపీ పెట్టుకున్న మనిషి గురించి కూడా ఒక మాట. ఊరేగింపులో పెళ్లికొడుకు కంటే ముందు నడిచేది ఆయనే. దొరసాబు టోపీ, ఎపాలెట్లు, పాలిష్ బూట్లు. భోజనాల వేళకు మాత్రం ఆఖరి బంతి, ఒక్కోసారి పందిరి బయట. వాయించేవాళ్లలో ఎక్కువమంది ఏ వాడల నుంచి వచ్చారో ఊళ్లో అందరికీ తెలుసు, టోపీ ఆ సంగతిని కాసేపు కప్పేది. అందుకే కాబోలు పాత బ్యాండు మాస్టర్లు బట్టలు మాసినా ఊరుకునేవారు గానీ టోపీ వంకరైతే ఒప్పుకునేవారు కాదు.

అమెరికా యూనివర్సిటీల మార్చింగ్ బ్యాండు టోపీలు కూడా మన దగ్గర తేలొచ్చు. కండ్లా రేవు, పానిపట్టు మీదుగా వచ్చే పాత బట్టల మూటల్లో ఏం వస్తుందో ఎవరు చెప్పగలరు? వాటిని గుర్తుపట్టడం తేలిక. చాలావరకు డబ్బాలా నిటారుగా ఉండే షాకో రకం, పైన కుచ్చు గుచ్చడానికి గొట్టం, లోపల తయారీదారు చీటీ. డిమౌలిన్, ఇల్లినాయ్ రాష్ట్రం గ్రీన్‌విల్ అని ఉంటే ఇక వెతకక్కర్లేదు, ఆ కంపెనీ పాతది, బ్యాండు దుస్తులకు పేరున్నది.

ఇంట్లో ఇలాంటిది దొరికితే ఉతకొద్దు, బ్రాసో పూయొద్దు. ఇత్తడి తోలుకు తగిలిన చోట పచ్చటి చిలుము పడుతుంది, దాన్ని పొడి గుడ్డతో తీస్తే చాలు. మన సముద్రపు గాలికి ఇనుప తీగ తుప్పు పట్టి గుడ్డను తినేస్తుంది కాబట్టి తేమ లోపలే నిలిచిపోయేలా ప్లాస్టిక్ సంచిలో బిగించకూడదు. లోపల ఉతికిన నూలు గుడ్డ కుక్కి, ఆకారం చెడకుండా పెట్టెలో పెట్టాలి, వార్తాపత్రిక కుక్కితే ఆమ్లం దిగుతుంది. నూరేళ్లు దాటిన వస్తువుకు 1972 నాటి పురావస్తు చట్టం వర్తించొచ్చు, అమ్మే ముందు కనుక్కోవాలి. పై తొడుగు తీసేసి అసలు టోపీ బయటపెట్టాలని మాత్రం చూడొద్దు. యలమంచిలి టోపీకి నేను అదే చెప్పాను. సాటిన్ పిగిలిన మూల అలాగే ఉంచి, ఇంకా చిరగకుండా రెండు కుట్లు వేయమన్నాను.

చివరి ఆధారం పెళ్లి ఆల్బముల్లో ఉంటుంది. ఊరేగింపు ఫోటోల్లో బ్యాండువాళ్లు అంచున సగం తెగి కనిపిస్తారు, ఫోటో తీసినాయన వాళ్లను పట్టించుకోడు. వెనక స్టూడియో ముద్ర, చాలాసార్లు తేదీ కూడా ఉంటాయి. టోపీ రంగు, జరీ వరసలు, బిళ్ల ఉన్న ఎత్తు సరిపోల్చి, ఏ మేళంవాళ్లో ఆ ఊరి పాత బ్యాండు మాస్టరును అడగాలి. చెప్పిన పేరు, ఊరు నూలు పట్టీ మీద పెన్సిలుతో రాసి లోపల కట్టాలి. బాల్‌పెన్ సిరా తోలులోకి దిగిపోతుంది.