ఎవర్‌నోట్ గీసిన గీత

నోట్స్ రాసుకునే యాప్‌ను అందరికీ ఉచితంగా ఇచ్చి, వాళ్లలో కొందరు కట్టే డబ్బుతో సంస్థను నడపాలంటే ముందు ఒక గీత గీయాలి. ఉచితం ఎక్కడితో ఆగుతుంది, రుసుము ఎక్కడ మొదలవుతుంది అన్నదే ఆ గీత. ఫ్రీమియం వ్యాపారంలో పనితనమంతా అక్కడే బయటపడుతుంది. ఉచితంగా ఇచ్చేది మరీ తక్కువైతే ఎవరూ అలవాటు పడరు. మరీ ఎక్కువైతే ఎవరూ డబ్బు కట్టరు. ఎవర్‌నోట్ తన తొలి నాలుగైదేళ్లలో ఆ గీత గీసిన తీరూ, దాన్ని నిలబెట్టడానికి కింద చేసిన ఇంజినీరింగూ ఈ రంగంలో నేను అన్నిటికంటే ఎక్కువగా గౌరవించే పని.

ఎవర్‌నోట్‌కు మూలపురుషుడు స్టెపాన్ పాచికోవ్. చేతిరాతను కంప్యూటర్‌తో చదివించే పనిలో ఆరితేరిన మనిషి. ఆపిల్ న్యూటన్ అనే చేతి కంప్యూటర్‌లో చేతిరాతను గుర్తుపట్టిన సాఫ్ట్‌వేర్ ఆయన పాత సంస్థ పారాగ్రాఫ్‌దే. 2007లో ఫిల్ లిబిన్ సీఈఓగా వచ్చారు. 2008 జూన్‌లో సేవను అందరికీ తెరిచారు. ఆ జులై 10న ఐఫోన్ యాప్ స్టోర్ మొదలైతే, తొలిరోజునే ఎవర్‌నోట్ అందులో ఉంది. కొత్త ఫోన్ కొన్నవాళ్లు యాప్‌ల కోసం వెతుకుతుంటే అక్కడ సిద్ధంగా ఉండడం వల్ల, ప్రకటనల ఖర్చు లేకుండానే జనం వచ్చి చేరారు.

ఇక గీత సంగతి. అప్పట్లో దాచుకునే చోటును అమ్మే సేవలు చాలా ఉండేవి. ఇంతవరకూ ఉచితం, అది నిండితే డబ్బు కట్టాలి అన్నది వాటి పద్ధతి. ఎవర్‌నోట్ అలా చేయలేదు. మొత్తం ఎంత దాచుకున్నారన్నది కొలవలేదు, ఈ నెలలో కొత్తగా ఎంత చేర్చారన్నది కొలిచింది. మొదట్లో ఉచిత ఖాతాకు నెలకు 40 మెగాబైట్లు, తర్వాత 60. గాదెలో ఎంత ధాన్యం ఉందో లెక్క పెట్టకుండా, ఈ నెల గుమ్మం దాటి లోపలికి వచ్చిన బస్తాలను మాత్రమే లెక్క పెట్టినట్టు. నెల మారగానే లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలయ్యేది. మాటలు రాసుకునేవాళ్లకు ఆ హద్దు తగిలేదే కాదు. ఫొటోలూ, ఆడియోలూ, స్కాన్ చేసిన కాగితాలూ రోజూ పోసేవాళ్లకే తగిలేది. అలాంటివాళ్లు అప్పటికే యాప్ మీద పూర్తిగా ఆధారపడి ఉంటారు. నెలకు 5 డాలర్లు, ఏడాదికి 45 డాలర్లు కట్టడం వాళ్లకు భారం కాదు.

ఈ కొలతలోని తెలివి కాలం గడిచిన కొద్దీ తెలుస్తుంది. నోట్స్ యాప్ విలువ మొదటిరోజు దాదాపు సున్నా, ఎందుకంటే లోపల ఏమీ లేదు. ఏడాది పోయాక అందులో వంటల వివరాలుంటాయి, మీటింగుల్లో రాసుకున్నవి ఉంటాయి, ఎప్పుడో తీసిన బిల్లు ఫొటో ఉంటుంది. వాడేవాళ్లే రాసి రాసి దాని విలువ పెంచుతారు. ఆ పెరుగుదలకు అడ్డం పడని చోట గీత గీశారు. దాచుకున్నది ఎంత పెరిగితే మనిషికి యాప్ అంత దగ్గరవుతుంది, డబ్బు కట్టాలన్న ఆలోచన ఆ తర్వాత దానంతటదే వస్తుంది.

లిబిన్ తన ఉపన్యాసాల్లో ఇది రుజువు చేసే గ్రాఫ్ ఒకటి చూపించేవారు. ఒకే నెలలో చేరినవాళ్లందరినీ ఒక జట్టుగా తీసుకుని, వాళ్లలో ఎంతమంది ఇంకా వాడుతున్నారో నెలనెలా గుర్తు పెట్టిన గీత అది. మొదట చాలామంది వెళ్లిపోతారు, గీత కిందికి దిగుతుంది. కొంతకాలం నిలకడగా సాగి, చివర మళ్లీ పైకి లేస్తుంది: వదిలి వెళ్లినవాళ్లు తిరిగి వస్తున్నారన్నమాట. నవ్వుతున్న పెదవుల ఆకారంలో ఉండడంతో దానికి స్మైల్ గ్రాఫ్ అని పేరు వచ్చింది. చేరిన తొలినెలలో డబ్బు కట్టేవాళ్లు నూటికి ఒకరు కూడా లేరు. ఏళ్ల తరబడి నిలిచినవాళ్లలో ఆ వాటా ఎన్నో రెట్లు పెరిగింది. సంస్థ అమ్మింది ఓపికకు వచ్చే ఫలితాన్ని.

ఓపికకు మాత్రం ఖర్చుంది. 2008 అక్టోబర్‌లో ఆర్థిక సంక్షోభం దెబ్బకు రావాల్సిన పెట్టుబడి ఆగిపోయింది. చేతిలో కొన్ని వారాలకు సరిపడా డబ్బే మిగిలింది. తెల్లవారితే సంస్థ మూసేయాలని లిబిన్ నిర్ణయించుకున్న ఆ అర్ధరాత్రి, స్వీడన్ నుంచి ఒక వాడుకరి ఈమెయిల్ వచ్చింది. యాప్ తన జీవితాన్ని ఎంత మార్చిందో రాసి, పెట్టుబడి కావాలా అని అడిగారాయన. ఆయన ఇచ్చిన 5 లక్షల డాలర్లతో సంస్థ నిలిచింది. అదృష్టం కలిసొచ్చిన మాట నిజమే. అయితే అలాంటి ఉత్తరం రాసే మనిషి తయారయ్యాడంటే, అతనికి ముందుగా ఉచితంగా ఎంత ఇచ్చి ఉండాలో ఆలోచించాలి.

అంతమందికి అంతకాలం ఉచితంగా ఇవ్వాలంటే ఒక్కొక్కరి మీద అయ్యే ఖర్చు చాలా తక్కువగా ఉండాలి. అక్కడ సీటీఓ డేవ్ ఎంగ్‌బర్గ్ బృందం చేసిన పని చూడండి. ఒకరి నోట్స్‌కు మరొకరి నోట్స్‌తో మామూలుగా సంబంధం ఉండదు. అందుకే వాడుకరులను లక్షేసి మంది చొప్పున విడగొట్టి, ఒక్కో లక్షకు విడిగా సర్వర్లు కేటాయించారు. 2011లో వాడుకరులు 90 లక్షలు దాటేసరికి అలాంటి విభాగాలు దాదాపు 90 ఉన్నాయి. మరో లక్షమంది చేరితే ఇంకో విభాగం పెడితే చాలు. ఖర్చు ముందే తెలిసిపోతుంది. అన్ని పరికరాల్లోనూ నోట్స్‌ను ఒకేలా ఉంచే సింక్ కూడా అంతే పొదుపు. ఖాతాలో జరిగే ప్రతి మార్పుకూ ఒక వరుస సంఖ్య ఇస్తారు. ఫోన్ తాను చూసిన చివరి సంఖ్య చెబితే, దాని తర్వాతివి మాత్రమే సర్వర్ పంపుతుంది.

ఫొటోల్లోని అక్షరాలను వెతికే పని నాకు మరీ ముచ్చటేస్తుంది. వంకర చేతిరాతను తప్పు లేకుండా చదవడం యంత్రానికి కష్టం. వాళ్లు ఆ పట్టుదలకు పోలేదు. ఒక్కో పదానికీ అది ఇది కావచ్చు, అది కావచ్చు అని అనేక ఊహలనూ, ఒక్కోదాని మీద ఉన్న నమ్మకాన్నీ అంకెల్లో దాచారు. మనం వెతికిన మాట ఆ ఊహల్లో ఏ ఒక్కదానితో కలిసినా ఆ ఫొటో దొరికేస్తుంది. మనిషికి కావలసింది పోయిన కాగితం దొరకడం, అక్షరం పొల్లుపోని నకలు కాదు. ఈ సదుపాయం ఉచిత ఖాతాలకూ ఇచ్చారు. డబ్బు కట్టినవాళ్ల ఫొటోలు వరుసలో ముందు చదివేవాళ్లు. ఎవరి నుంచీ ఏదీ లాక్కోకుండా తేడా చూపించడమంటే ఇదే.

బయటికి వెళ్లే దారినీ తెరిచే ఉంచారు. మీ సమాచారం మీదే, దానికి రక్షణ ఉంటుంది, కావాలంటే పట్టుకెళ్లొచ్చు అన్న మూడు నియమాలను 2011లో లిబిన్ ప్రకటించారు. ఎప్పుడైనా వెళ్లగలనన్న ధీమా ఉన్న చోటే మనిషి తన జ్ఞాపకాలన్నీ నిశ్చింతగా పెట్టుకుంటాడు.

2014లో వాడుకరులు 10 కోట్లకు చేరారు. ఆ తర్వాత గీత చోటు మారింది. 2016లో ఉచిత ఖాతాను రెండు పరికరాలకు పరిమితం చేశారు. సంస్థ బెండింగ్ స్పూన్స్ అనే కంపెనీ చేతికి వెళ్లాక, 2023 డిసెంబర్‌లో మొత్తం 50 నోట్స్, ఒక్క నోట్‌బుక్ అన్నారు. సర్వర్ల ఖర్చూ, రాబడి ఒత్తిడీ ఎవరికైనా అర్థమవుతాయి. కానీ ఈసారి హద్దు పడింది పోగయ్యేదాని మీదే. ఏడాది పాటు రాస్తే తప్ప విలువ తెలియని వస్తువుకు యాభయ్యో నోట్ దగ్గర అడ్డుకట్ట వేస్తే, కొత్తగా వచ్చినవాళ్లు ఆ విలువ దాకా నడిచే దారి మూసుకుపోతుంది.

ఈ రోజు నోట్స్ యాప్ కడుతున్నవాళ్లు ఎవర్‌నోట్ తొలినాళ్ల నుంచి నేర్చుకోవలసింది ధరల పట్టిక కాదు, గీత గీసేముందు వాళ్లు వేసుకున్న ప్రశ్నల వరుస. ఈ వస్తువు విలువ ఎప్పుడు పుడుతుంది? అప్పటిదాకా మనిషిని ఆపకుండా ఉండడానికి మనకు ఎంత ఖర్చవుతుంది? ఆ ఖర్చు ఎలా తగ్గించాలి? ఈ మూడింటికీ జవాబు దొరికాకే ఎంత వసూలు చేయాలన్న నాలుగో ప్రశ్న. ఎవర్‌నోట్ ఆ వరుస తప్పకుండా నడిచినన్నాళ్లూ డబ్బు కట్టినవాళ్లు ఇష్టపడే కట్టారు. ఫ్రీమియంలో అంతకుమించిన పనితనం నాకు కనబడదు.