నీలి తెర ముందు కూర్చున్నవాళ్లు

2024 జులై 19, శుక్రవారం. శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. సైబర్ భద్రతా కంపెనీ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక్క అప్‌డేట్‌లో తప్పు దొర్లి, ప్రపంచమంతటా దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెర దగ్గర చతికిలపడ్డాయి. ఆ అప్‌డేట్ ఫైల్‌ను కంపెనీ గంటన్నర లోపే వెనక్కి తీసుకుని సరిచేసింది. కానీ లేవలేని యంత్రానికి ఆ మందు నెట్‌లో ఎలా అందుతుంది? చాలాచోట్ల మనిషే వెళ్లాల్సి వచ్చింది.

వెళ్లింది ఐటీ సపోర్టు కుర్రాళ్లు. ఒక్కో మెషీన్ ముందు కూర్చుని, సేఫ్ మోడ్‌లోకి తెచ్చి, డ్రైవర్ల ఫోల్డర్‌లో పేరులో 291 ఉన్న ఫైల్ వెతికి చెరిపేసి, మళ్లీ స్టార్ట్ చేయాలి. చెప్పడానికి ఇంతే. డిస్కుకు బిట్‌లాకర్ తాళం ఉంటే మాత్రం 48 అంకెల కీ తప్పు లేకుండా కొట్టాలి. ఇలా వందల మెషీన్లకు!

ఇంత ఓపిక లేక, చూడగానే “ఫార్మాట్ కొట్టేద్దాం” అనేవాడు నా లెక్కలో మెకానిక్కే కాదు. మా వీధి చివరి షాపు అబ్బాయి స్క్రూడ్రైవర్ ముట్టుకునే ముందు మాట కలుపుతాడు. ఆ మధ్య ఏదో అప్‌డేట్ తర్వాత నా ల్యాప్‌టాప్ మొండికేస్తే, ముందు పెన్‌డ్రైవ్ పీకాడు, ఫ్యాన్ చప్పుడు విన్నాడు. తర్వాత రికవరీలోకి వెళ్లి కొత్త అప్‌డేట్‌ను తీసేశాడు. పావుగంటలో లేచింది.

“బ్యాకప్ ఉందా సార్?” అన్నాడు.

ఉందని అబద్ధమాడాను.