‘అబస’ సూరాలో ముఖం: కర్త, క్రియ, అనువాదం

హృదయంలోని భావాన్ని ఇతరులకు తెలియజేసేది అనుభావమని మన ఆలంకారికులు చెప్పారు. చూసేవారుంటేనే హావానికి అర్థమన్నది ఇందులోని అంతస్సూత్రం. ఖుర్‌ఆన్ 80వ సూరా ‘అబస’ మాత్రం చూడలేని వ్యక్తి ఎదుట జరిగిన హావంతో మొదలవుతుంది.

ప్రవక్త ముహమ్మద్ మక్కాలో ఖురైష్ ప్రముఖులతో సంభాషిస్తుండగా అబ్దుల్లా ఇబ్న్ ఉమ్మె మక్తూమ్ అనే అంధుడు ధర్మం తెలుసుకోగోరి వచ్చారనీ, అంతరాయం కలిగి ప్రవక్త ముఖం చిట్లించారనీ సున్నీ వ్యాఖ్యాతలు చెప్తారు. ఆ వ్యక్తి వేరొకరని షియా వ్యాఖ్యాతలలో పలువురి వాదం. మూలంలో ఏ పేరూ లేదు. ‘అబస’ ఒక్క క్రియాపదమే. కర్త అందులోనే అణగి ఉన్నాడు. ఇదే క్రియ 74వ సూరాలో ఒక తిరస్కర్తకు వర్తించింది కనుక మందలింపు తేలికైనది కాదు.

అంధునికి ఆ చిట్లింపు కనిపించదు. అయినా అది ప్రస్తావనకు వచ్చిందంటే, ఇక్కడ హావం సందేశం కాదు, నడవడి. ఎనిమిదో ఆయత్‌లో అంధుడు వడివడిగా రావడం దానికి ప్రతిగా నిలిచే దేహచలనం. మొదటి రెండు ఆయత్‌లు ప్రథమ పురుషలో ఉండి, మూడోదానిలో సంబోధన మధ్యమ పురుషకు మారుతుంది. అరబ్బీ ఆలంకారికులు దీన్ని ‘ఇల్తిఫాత్’ అంటారు. ఆ మాటకు మూలార్థమే అటు తిరగడం. ముఖం తిప్పుకున్నవారి వైపు వాక్యమే ముఖం తిప్పినట్లుంటుంది.

తెలుగు అనువాదకునికి చిక్కు ఇక్కడే. కర్తను లోపింపజేసే వెసులుబాటు మనకూ ఉంది. కానీ ‘చిట్లించాడు’, ‘చిట్లించారు’లలో ఒకటి ఎంచుకోక తప్పదు. అరబ్బీ క్రియారూపంలో ఈ భేదం లేదు. ఏకవచనం విశ్వాసులకు కటువు; గౌరవవాచకం కర్తను సగం బయటపెడుతుంది. ‘ముఖం ముడుచుకుంది’ అని తప్పించుకోవచ్చు గాని, అప్పుడు బాధ్యుడే అదృశ్యమవుతాడు. మందలించడానికి మనిషి ఉండాలి కదా! ‘చిట్లించారు’ అని, పేరును కుండలీకరణాల్లో ఇరికించక అధోజ్ఞాపికకు వదలడమే మేలని నా అభిప్రాయం.

దీనికి సూరా ముగింపులోనూ ఆధారముంది. 38 నుంచి 41 వరకు గల ఆయత్‌లలో తీర్పునాటి ముఖాలు కొన్ని వెలుగుతూ నవ్వుతాయి, కొన్ని ధూళి కప్పుకొని ఉంటాయి. అక్కడ వాక్యాలకు ముఖాలే కర్తలు. మొదట్లోనే ముఖాన్ని కర్తను చేసిన అనువాదంలో ఈ మార్పు కనిపించదు.