ఇంటిలోని విమర్శకులు

చలనచిత్రము ముగియగానే మన యిండ్లలో వినవచ్చు తీర్పులు మూడు: "బాగుంది", "పరవాలేదు", "సాగదీశాడు". చిత్రములను గూర్చి పత్రికలకు వ్రాయువారు ఈ మాటలు విని నవ్వుదురు. మేమును చాలకాలము నవ్వితిమి. గడచిన దసరా సెలవులలో రాజమహేంద్రవరమున మా బంధువుల యింట నొక వారముండి, రాత్రి భోజనములైన పిమ్మట వారితో గూర్చుండి చిత్రములు చూచితిమి. ఆ వారముతో మా నవ్వు తగ్గినది. ఆ మాటలు చాలవరకు చిత్రమును గూర్చినవి కావు. ఆ గదిలోనున్న వేరొకరితో అనదలచినవి.

సినిమాహాలులో చీకటి యుండును. ప్రక్క కుర్చీలోని వాడెవడో మన మెరుగము. కంట నీరు వచ్చినను ఎవరును చూడరు. 1977వ సంవత్సరమున హైదరాబాదులో దూరదర్శన కేంద్రము వెలసిన పిమ్మట కొన్నియేండ్లపాటు, టెలివిజనున్న యింటికి ఇరుగుపొరుగువారు వచ్చి చాపలపై గూర్చుండెడివారు. పరుల యెదుట ఇంటిమాట లాడుట మర్యాద గాదు గనుక అప్పుడును నోరు మెదపక చూచుటయే జరిగెడిది. ఇప్పుడట్లు కాదు. కావలసిన చిత్రము కావలసిన రాత్రి యింటికి వచ్చుచున్నది. దీపము వెలుగుచునే యుండును. అత్తగారికి కోడలి ముఖమును, తండ్రికి కుమార్తె ముఖమును కనబడుచుండును. ఎవరెక్కడ నవ్విరో, ఎవరు నవ్వలేదో అందరికిని తెలియును. ఇట్టిచోట పుట్టిన విమర్శ హాలులోని విమర్శవంటిది కానేరదు.

మేము దిగిన యింటిలో తాతగారు పదవి విరమించిన ఉపాధ్యాయులు. నాయనమ్మగారు, వారి కుమారుడు, బ్యాంకులో పనిచేయు కోడలు, కళాశాలలో చదువు మనుమరాలు తక్కినవారు. రిమోటు తాతగారి చేతిలో నుండును.

మొదటిరాత్రి "గుండమ్మ కథ" చూచితిమి. విజయావారి చిత్రము, 1962లో వచ్చినది. ఆ యింటిలో ఎన్నిసారులు చూచిరో లెక్కలేదు. సూర్యకాంతమ్మగారు నోరు విప్పినప్పుడెల్ల నవ్వులే. నాయనమ్మగారు నవ్వుచునే, "అలాంటి అత్తగారు దొరికి ఉంటే తెలిసేది ఈ కాలం పిల్లలకి" అనిరి. కోడలు అప్పుడు వంటయింటిలో నుండెను. మాట అక్కడికి వినబడవలసినంత బిగ్గరగనే చెప్పబడినది. నిజమునకు సావిత్రి ధరించిన లక్ష్మికి గుండమ్మ అత్తగారే కాదు, సవతితల్లి. ఇన్నిసారులు చూచినవారి కీ సంగతి తెలియక కాదు. అవసరమును బట్టి చుట్టరికము మారినది.

ఆ చిత్రమున అంజి లక్ష్మితో గూడ పిండి రుబ్బుచు పాడు పాట సుప్రసిద్ధము. రచన పింగళి నాగేంద్రరావుగారిది, గళము ఘంటసాలగారిది. స్త్రీలోకము మేలుకొన్నదని దాని తాత్పర్యము. మేలుకొన్నదని చెప్పువాడు పురుషుడు. లక్ష్మి నోట నొక్క చరణమైనను లేదు. పైగా అంజి నిజముగా పనివాడు కాడు, పనివాని వేషమున నున్న ధనికుని కుమారుడు. కనుకనే వాడు రుబ్బిన పిండి మనకు వినోదమైనది. "రామారావంతటివాడు నిక్కరేసుకుని పిండి రుబ్బాడు, చూశావా!" అని తాతగారు మురిసిరి. ఆ క్షణమున మరునాటి యిడ్లీలకు పిండి వంటయింట గ్రైండరులో తిరుగుచుండెను. పాట సరిగా వినబడుట లేదని కుమారుడు, "ఆ తలుపు కాస్త వేసుకో" అని కేకవేసెను. తలుపు మూయబడినది. పాట చక్కగా వినబడెను.

మూడవరాత్రి "మిస్సమ్మ". ఇది 1955 నాటిది. పెండ్లికాని యువకుడును యువతియు భార్యాభర్తలమని బొంకి, ఒక జమీందారుగారి పాఠశాలలో ఉద్యోగములు సంపాదించుట కథ. ఎల్.వి. ప్రసాదుగారు దానినెంత సున్నితముగ నడిపిరనగా, నాయనమ్మగారికి గూడ ఎచ్చటను అభ్యంతరము తోచలేదు. అందరును "బాగుంది" అనిరి. అప్పుడు మనుమరాలు తల యెత్తకయే, "తాతయ్యా, నేను హైదరాబాదులో ఉద్యోగం కోసం ఇలాగే ఒక అబ్బాయితో కలిసి ఇల్లు తీసుకుంటే?" అని యడిగెను.

"అది సినిమా" అనిరి తాతగారు.

ఇది నాలుగవ తీర్పు. మొదటి మూడింటికంటెను బలమైనది. తెరపై నున్నంతసేపు కథ జీవితమువలెనే యుండును. గుమ్మము దాటి లోపలికి రాబోయినచో వెంటనే సినిమా యగును. అయినను తప్పంతయు తాతగారిదే యనుటకు వీలులేదు. చక్రపాణిగారు కూర్చిన కథయే ఆ తలుపును తెరచి, మరల తానే మూసినది. క్రైస్తవ యువతి మేరీ తుదకు చిన్ననాట తప్పిపోయిన జమీందారు బిడ్డ మహాలక్ష్మి యని తేలును. మేరీ మేరీగనే యుండి ఆ యువకుని వరించినచో, ఆ గదిలో "బాగుంది" యను మాట అంత త్వరగా వచ్చియుండునా యని మా సందేహము.

అయిదవరాత్రి చిత్రము నెంచుట మనుమరాలి వంతు. 2021లో జియో బేబీ తీసిన మలయాళ చిత్రము "ది గ్రేట్ ఇండియన్ కిచెన్" పెట్టెను. క్రింద వచ్చు ఇంగ్లీషు అక్షరములను నాయనమ్మగారికి తెనిగించి చెప్పుచుండెను. చదువుకొన్న యువతి యొకతె అత్తవారింటికి వచ్చును. ఆమెకు కథలో పేరైనను లేదు. తరుగుట, వండుట, వడ్డించుట, తోముట, తుడుచుట, మరల తరుగుట. పురుషులు తిని, నమిలిన పిప్పిని బల్లమీదనే విడిచి లేచిపోవుదురు. అరగంట గడచినదో లేదో కుమారుడు, "ఏముంది ఇందులో, కూరలు తరగడం, అంట్లు తోమడం! సాగదీశాడు" అనెను.

ఈ మాట మాకు మిక్కిలి విలువైనదిగ దోచినది. ఆ చిత్రమును గూర్చి యిది తప్పు తీర్పు కాదు, సరియైన వర్ణన. సాగుటయే అందలి వస్తువు. చూచువాడు అరగంటలో విసిగిన పనిని చేయువారు ప్రతిదినమును చేయుచున్నారని చెప్పుటకు దర్శకునికి వేరు మార్గము లేదు. విసుగు కలిగినవాడు ఆ చిత్రమును గ్రహించినవాడే. ఎవరి విసుగో మాత్రము గ్రహింపలేదు.

మామగారి పాత్ర మరియు గమనింపదగినది. ఆయన యెన్నడును కేకలు వేయడు. పచ్చడి రోట నూరినదే కావలెను, అన్నము కట్టెలపొయ్యిమీద వండినదే కావలెను, తన బట్టలు యంత్రమున వేయరాదు. ఇవన్నియు మెల్లగా, మర్యాదగా అడుగును. గుండమ్మ అరచును గనుక అక్కడి అన్యాయము చెవిటివానికైనను వినబడును. ఈ పెద్దమనిషి మెత్తని మాట ఆ గదిలో ఎవరికిని అన్యాయముగ దోచలేదు. "ఆయన అన్నదాంట్లో తప్పేముంది? రోటిపచ్చడి రుచే వేరు" అనిరి తాతగారు. తాతగారును కేకలు వేయువారు కారు.

తొట్టి క్రింది గొట్టము కారుచుండును. బాగుచేయింపుమని ఆమె భర్తకు చెప్పును; అతడు మరచును. మరల చెప్పును, మరల మరచును. ఆమె కారు నీటికి పాత్ర పెట్టుకొని పని చేసికొనుచుండును. అప్పటివరకు మాటాడని నాయనమ్మగారు తెరవంకనే చూచుచు, "అలా గొట్టం కింద గిన్నె పెట్టుకుని నేనూ రెండేళ్ళు వండాను, ఈ ఇంట్లోనే" అనిరి.

తాతగారు రిమోటు నొక్కి చిత్రమును నిలిపిరి. "ఎప్పుడు? నాకు చెప్పలేదేం?"

"చెప్పానండీ. చాలాసార్లు చెప్పాను."

ఎవరును మాటాడలేదు. అత్తగారి తీర్పులు తనపైకి వచ్చుట కలవాటుపడిన కోడలు, ఈసారి మాట వేరొకవైపునకు పోవుట చూచి, చేతి తువాలుతోనే వచ్చి ఆమె ప్రక్కన గూర్చుండెను. ఆ వారములో ఆమె చిత్రముకడ గూర్చుండుట మేము చూచినది అదే మొదలు. తక్కిన రాత్రులన్నియు గుమ్మమున నిలువబడి, వచ్చుచు పోవుచు, ముక్కలు ముక్కలుగ చూచినది. మనుమరాలు తాతగారి చేతినుండి రిమోటు తీసికొని చిత్రమును మరల నడిపెను. తుదిఘట్టమున ఆ యువతి వంటింటి మురికినీళ్ళు భర్త మామల మీద కుమ్మరించి యిల్లు వెడలినప్పుడు, వెనుకనుండి ఎవరో చిన్నగా నవ్విరి. అత్తగారో కోడలో మేము తిరిగి చూడలేదు.

చిత్రము ముగిసినది. కుమారుడు "పరవాలేదు" అనెను. తాతగారు ఏమియు ననలేదు. కోడలి అభిప్రాయ మెవరును అడుగలేదు. విమర్శకులమని చెప్పుకొను మేమును అడుగలేదు. ఆ రాత్రి గ్రైండరు తిరుగలేదు. మరునాటి ఉదయము ఇడ్లీలకు బదులు ఉప్మా వచ్చినది. తాతగారు రెండు ముద్దలు తిని, "బాగుందమ్మా" అనిరి.