పాట వార్డులో లేదు

గ్రీన్ డే 'బాస్కెట్ కేస్' వీడియో నాకు చాలా ఏళ్ళు తప్పుడు కారణానికి నచ్చింది. పిచ్చాసుపత్రి, ముగ్గురు కుర్రాళ్ళు, కళ్ళు ఇంతింత చేసుకుని పాడే బిల్లీ జో ఆర్మ్‌స్ట్రాంగ్. హాస్టల్లో దాన్ని కామెడీ కిందే చూశాం. టైటిల్‌కి దగ్గరి తెలుగు మాట 'మెంటల్ కేసు'. మనం 'ఎర్రగడ్డకి పంపాలి' అని నవ్వుకునే నవ్వే అది.

కొన్నేళ్ళ తర్వాత ఓ రిలీజ్ రాత్రి ఊపిరాడక, గుండెపోటే అనుకుని ఆసుపత్రికి పరిగెత్తాను. ఈసీజీ నార్మల్. ఒకరు గ్యాస్ అన్నారు. ఒకరు పెళ్ళయితే సర్దుకుంటుందన్నారు. "నీకేం తక్కువరా?" అన్నాడు మా బాబాయ్. దానికి పానిక్ అటాక్ అని పేరుందని తెలియడానికి ఆర్నెల్లు పట్టింది. ఆ తర్వాత ఈ పాట మళ్ళీ విన్నాను. ఈసారి నవ్వు రాలేదు.

ఈ సింగిల్ 1994లో వచ్చిన 'డూకీ' ఆల్బమ్‌లోది. తన యాంగ్జైటీ గురించే రాశానని ఆర్మ్‌స్ట్రాంగ్ చెప్పాడు. అది పానిక్ డిజార్డర్ అని తేలింది తర్వాతే. పాట మూడు నిమిషాలు. మొదట గొంతూ గిటారూ మాత్రమే. తీగల్ని అరచేత్తో అదిమి వాయించే ఆ గిటారు, బిగబట్టిన ఊపిరిలా ఉంటుంది. డ్రమ్స్, బేస్ కాసేపటికి గానీ పూర్తిగా దిగవు. దిగాక ఇక ఆగవు. అడుగున ఉన్న కార్డ్స్ వరస మాత్రం, పాశ్చాత్యుల పెళ్ళిళ్ళలో నెమ్మదిగా వాయించే పాఖెల్‌బెల్ 'కానన్'కి దగ్గరి చుట్టం. నేల మామూలుగానే ఉంది, పరిగెడుతున్నది మనిషి. పానిక్ సరిగ్గా ఇలాగే ఉంటుంది.

సాహిత్యంలోనూ అతను ఎక్కడా బందీ కాదు. తన గోడు వినే తీరికుందా అని ముందే అడుగుతాడు. సైకియాట్రిస్టు దగ్గరికీ, ఒళ్ళమ్ముకునే మనిషి దగ్గరికీ వెళ్తాడు. ఒక్కొక్కరూ ఒక్కో కారణం చెప్పి పంపిస్తారు. మా బాబాయ్ కూడా ఆ చరణంలో ఉన్నట్టే లెక్క. తనకి పిచ్చి పడుతోందా, మత్తులో ఉన్నాడా అన్నది అతనికే తెలీదు. పాట బలమంతా ఆ తెలియకపోవడంలోనే ఉంది.

మార్క్ కోర్ తీసిన వీడియో ఆ ప్రశ్నకి జవాబు చెప్పేస్తుంది: ఇదిగో వార్డు, ఇదిగో వీల్‌చెయిర్‌లో వచ్చే డ్రమ్మర్ ట్రే కూల్, ఇదిగో ముసుగులేసుకున్న రోగులు. ఆసుపత్రి కావాలని అడిగింది బ్యాండే అయినా, నా ఫిర్యాదు నాకుంది. గోడలు కట్టేసరికి చూసేవాడు సేఫ్. పిచ్చి లోపల, మనం బయట.

ఆ షూటింగ్ జరిగింది కాలిఫోర్నియాలో, సాంటా క్లారా కౌంటీలోని ఆగ్న్యూస్ అనే మానసిక చికిత్సా కేంద్రంలో, వాడకంలో లేని భవనంలో. ఆగ్న్యూస్ స్థలంలో ఒక భాగం తర్వాత సన్ మైక్రోసిస్టమ్స్ క్యాంపస్ అయింది. జావా రాసుకుని బతికే నాకు ఇది తెలిసినప్పుడు, వీడియో కంటే పాటే నిజమనిపించింది. ఆ మనిషి వార్డులో లేడు. ఆఫీసులో, నా పక్క సీట్లో ఉన్నాడు.

అయినా వీడియోని కొట్టిపారెయ్యలేను, దాని రంగుల వల్ల. బ్లాక్ అండ్ వైట్‌లో తీసి, తర్వాత రంగులద్దారు. రంగుల 'మాయాబజార్' చూసినవాళ్ళకి ఈ పని తెలుసు. అక్కడ సహజంగా కనిపించాలని తాపత్రయపడ్డారు. ఇక్కడ ఆ తాపత్రయం లేదు. గోడ గోడే, మొహం మొహమే, కానీ ఏ రంగూ దాని వస్తువుది కాదనిపిస్తుంది. ఆ రాత్రి ఆసుపత్రి కారిడార్‌లో నాకు అన్నీ అలాగే కనిపించాయి. ట్యూబులైటు, కుర్చీ, పక్కనే కూర్చున్న ఫ్రెండు మొహం. అన్నీ ఉన్నాయి, ఏదీ దానిలా లేదు. దీన్ని డాక్టరుకి మాటల్లో చెప్పలేకపోయాను.

ఈసారి చూసేటప్పుడు ఆసుపత్రిని వదిలేసి రంగులు చూడండి. పాట అక్కడుంది.