ఉల్లి పడకముందే పిల్లి వాటా

మా ఇంట్లో చేపల పులుసు పెట్టే రోజు ముక్కలకు ఉప్పూ కారం పట్టించకముందే తోక దగ్గరి ముక్కొకటి వేరే గిన్నెలోకి పోతుంది. అది పిల్లిది. మునిగేటంత నీళ్లలో ఉడికించి, చల్లారాక చేత్తో చిదుముతూ ముల్లు ఏరతాను. సన్నముళ్లు కంటికి ఆనవు, వేళ్లకే తగులుతాయి. ఉడికించిన నీళ్లు కూడా పారబొయ్యను. పిల్లి గుండెకు, కంటికి అవసరమైన టారిన్ కొంత ఆ నీళ్లలోకి దిగిపోతుంది. అందుకే నాలుగు చెంచాలు ముక్కమీదే పోస్తాను.

చాలా ఇళ్లలో పిల్లికి దక్కేది భోజనాలయ్యాక కంచంలో మిగిలిన తలకాయ, ముళ్లు. ప్రేమతోనే పెడతారు. కానీ పులుసులో ఉల్లి, వెల్లుల్లి ఉంటాయి. ఎంత ఉడికినా వాటి కీడు పోదు. పిల్లి ఒంట్లో ఎర్ర రక్తకణాలను చిదిమేస్తాయి.

పచ్చి చేపే దానికి సహజమని కొందరంటారు. నేను ఒప్పుకోను. ఇంటిపిల్లి మూలం ఆఫ్రికా అడవిపిల్లి, మెట్టనేలల్లో ఎలుకల్నీ పిట్టల్నీ పట్టి బతికిన జంతువు. పైగా బంగారుతీగ లాంటి కొన్ని చేపల పచ్చిమాంసంలో థయమినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది బి1 విటమిన్‌ను నాశనం చేస్తుంది. ఉడికిస్తే ఆ ఎంజైమ్ చస్తుంది.

అలాగని ఉడికించి రోజూ చేపే పెట్టకూడదు. నూనె చేపలే మేతయితే విటమిన్ ఇ చాలక చర్మం కింది కొవ్వు వాస్తుంది, నిమిరితే పిల్లి నొప్పితో అరుస్తుంది. పెద్ద వేటచేపల్లో పాదరసం భయం వేరే ఉంది. జపాన్‌లోని మినమాటాలో ఫ్యాక్టరీ వదిలిన పాదరసం చేపల్లోకి చేరినప్పుడు, 1956లో మనుషుల జబ్బు అధికారికంగా నమోదయ్యేలోపే తీరంలో పిల్లులు వణికి, గిర్రున తిరిగి చచ్చిపోయాయి. ఆ సంగతి చదివినప్పటి నుంచి మా పిల్లికి చిన్న చేపలే తెస్తున్నాను.

వారానికి ఒకటి రెండుసార్లు, కొద్దిగా చాలు. మిగతా రోజులు సంపూర్ణాహారమని రాసి ఉన్న పిల్లి మేత పెట్టండి. ఒట్టి పెరుగన్నంతో పిల్లి నిలవదు, అందులో దానికి చాలినంత టారిన్ లేదు.

పచ్చి చేపలు తినే పిల్లి ముద్ద ముట్టక, తూలుతూ, మెడ వాల్చేస్తుంటే రేపటిదాకా ఆగకండి. పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. బి1 ఇంజెక్షన్ వేళకు పడితే చాలా పిల్లులు కోలుకుంటాయి.