చలువతో పెంచుట

మన పెద్దలు దీవించునపుడు "చల్లగా నుండుము నాయనా" అందురే గాని వెచ్చగా నుండుమని ఎన్నడు ననరు. ఎండలు మండు సీమలో పుట్టిన దీవెన గావున అందు వింత యేమియు లేదని తలచెడివాడను. కాని మా అమ్మాయి కాపురమున్న న్యూజీలాండు దేశమునకు పోయి, ఆ దేశపు దక్షిణపు కొసనున్న ఇన్వర్‌కార్గిల్ పట్టణమందు, క్వీన్స్ పార్కులోని మ్యూజియము వెనుకటి గాజు కిటికీ ముందు నిలిచిన నాడు ఆ మాట అక్షరార్థముగా కనులయెదుట కానవచ్చినది.

కిటికీ కావల నున్నది టువటారా. చూపునకు మన ఉడుము పోలిక యున్నను, ఇది ఉడుము కాదు, తొండ కాదు, బల్లియు కాదు. రాక్షసబల్లుల కాలమున లోకమంతట వ్యాపించి, ఆ పిమ్మట నశించిన ఒక ప్రాచీన గణమునకు మిగిలిన ఏకైక ప్రతినిధి. బూడిదయు ఆకుపచ్చయు కలిసిన మేను. మెడ మొదలు తోకదాక మెత్తని ముండ్ల వరుస. ఆ ముండ్లను బట్టియే మావోరీలు దానికి ఆ పేరు పెట్టిరి. ఇరువది నిమిషములపాటు అది ఒక్క కాలైనను కదపలేదు. తుదకు మిడుత యొకటి ముందునకు రాగా, తల మాత్రము వంచి, ఒక్క పెట్టున కఱచి, క్రింది దవడను ముందునకు జరపుచు ఱంపముతో కోసినట్లు కోసి మ్రింగినది. పై దవడయందలి రెండు వరుసల నడుమ క్రింది పండ్లు ఇమిడి యాడునట. ఆ పండ్లు ఎముకతో నేకమై యుండును. అరిగినచో మరల మొలవవు. కావున ముదుసలి జంతువులకు మెత్తని పురుగులనే ఏరి పెట్టవలెను.

అది సెప్టెంబరు మాసము. ఉన్నికోటు తొడిగియు వణకుచున్న నేను జాలిపడి, "దీనికి దీపపు వేడియైన చూపరాదా?" అని అక్కడి సంరక్షకురాలి నడిగితిని. ఆమె నవ్వక, ఓపికగా చెప్పినది. 16 మొదలు 21 డిగ్రీల నడుమ దాని మేను సుఖముగా నుండును. 28 దాటిన ప్రాణమునకే ముప్పు. మన గోదావరి సీమలో మాఘమాసపు మధ్యాహ్నము సైతము దానికి మృత్యువన్నమాట. తక్కిన సరీసృపములను పెంచువారు వెచ్చదనమునకై పాటుపడుదురు. వీరు వేడిని వారించుచునే, ఎముకల పుష్టికి వలసిన అతినీలలోహిత కిరణములను మాత్రము లోనికి రానీయవలెను. ప్రేమయనగా కప్పుట, పొదువుకొనుట అని నేర్చిన నాకు, చేయి వెనుకకు తీసికొనుటయు ప్రేమయేనని అచ్చట తెలిసినది.

గ్రుడ్ల విషయమున ఈ కౌశలము మరింత సూక్ష్మమైనది. తోలువంటి పెంకుగల ఆ గ్రుడ్లు తేమను పీల్చి ఉబ్బును. వానిని తలక్రిందు చేసినచో లోని పిండము చచ్చును. అందుచేత సరీసృపముల గ్రుడ్లను పొదిగించువారు ఎత్తుటకు ముందే పైభాగమున పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టుకొందురు. ఇంక్యుబేటరును 21 డిగ్రీల యొద్ద నుంచిన ఆడపిల్లలు, 22 దాటిన మగపిల్లలు! ఒక్క డిగ్రీయే వంశము నిర్ణయించునపుడు, లోకమంతయు వేడెక్కుచున్న ఈ కాలమున ఆ జాతి గతి యేమి? నార్త్ బ్రదర్ అను చిన్న దీవియందు ఇప్పటికే మగవాని సంఖ్య మించియున్నది.

పుట్టిన పిల్లలకు నడినెత్తిన మూడవ కన్ను స్పష్టముగ కనబడును. కొన్ని నెలలకు పొలుసులు దానిని మూసివేయును. మన ముక్కంటి తలపునకు వచ్చి, అప్రయత్నముగ చేతులు జోడించితిని. ఆ పసివానిని పెద్దవానియొద్ద నుంచరాదు, తినివేయును.

ఇక హెన్రీ కథ చెప్పక తీరదు. 1970లో ఆ మ్యూజియమునకు వచ్చిన ఈ మగ టువటారా మహాకోపి. ఆడువాని దాపునకు రానీయక, మిల్డ్రెడ్ అనుదాని తోకను సైతము కొఱికివైచినది. సంరక్షకుడు లిండ్సే హేజ్లీ దశాబ్దములు ఓర్చెను. తోక క్రింది కంతిని శస్త్రచికిత్సచే తొలగించిన తరువాత దాని కోపము క్రమముగ చల్లారి, 2008లో ఆ మిల్డ్రెడే 12 గ్రుడ్లు పెట్టగా, 2009 జనవరిలో 11 పిల్లలు వెలువడినవి. అప్పటికి తండ్రి వయస్సు సుమారు 111 ఏండ్లు. ఇంగ్లండులోని చెస్టర్ జంతుప్రదర్శనశాలవారు న్యూజీలాండు వెలుపల మొదటి పిల్లను చూచుటకు 38 ఏండ్లు వేచిరి. అదియు 2015 డిసెంబరులో ఒక్కటే.

1895 నుండి చట్టరక్షణగల ఈ జీవి మావోరీలకు తరతరముల నిధి. పెంచువారు తాము ధర్మకర్తలమే గాని యజమానులము కామని యెఱుగుదురు. వింతజంతువును గాజుపెట్టెలో నుంచి చుట్టములకు చూపి మురియుటను పెంపకమని నేనెన్నటికిని ఒప్పుకొనను.

2009లో పుట్టిన ఆ పదునొకండు పిల్లలు నాటి తమ తండ్రి వయస్సునకు వచ్చుట 2120వ సంవత్సరమున.